కొత్త ఫ్లాట్‌లో పగుళ్లు, చెమ్మ, లీకేజీ: బిల్డర్ చేత ఎలా బాగు చేయించుకోవాలి

రిజిస్ట్రేషన్ అయిపోయింది, డబ్బంతా కట్టేశాం, తాళాలు తీసుకున్నాం, ఇక గోడ పగిలినా స్లాబు కారినా మన జేబులోంచే పెట్టుకోవాలి అనుకునేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. అది తప్పు. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి) చట్టంలో సెక్షన్ 14(3) అని ఒకటుంది. ఫ్లాట్ మీకు స్వాధీనం చేసిన రోజు నుంచి ఐదేళ్లలోపు లోపాన్ని బిల్డర్ దృష్టికి తీసుకెళ్తే, అదనంగా ఒక్క రూపాయి తీసుకోకుండా 30 రోజుల్లో బాగు చేసి ఇవ్వాల్సిన బాధ్యత బిల్డర్‌దే. చేయకపోతే నష్టపరిహారం అడిగే హక్కు మీకుంది.

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా చాలామంది దెబ్బతినేది ఒక్కచోట. విషయం నోటితో చెప్తారు, ఫోన్‌లో చెప్తారు, సైట్ ఇంజినీర్ లిఫ్ట్ దగ్గర కనిపిస్తే చెప్తారు. రెండు మూడేళ్లకు గొడవ కేసు దాకా వచ్చాక బిల్డర్ తరఫు లాయర్ "మాకు ఎవరూ చెప్పలేదు" అంటే చూపించడానికి చేతిలో కాగితం ఉండదు. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కమిటీలో ఉండి సెల్లార్ లీకేజీ గురించి బిల్డర్ ఆఫీసు చుట్టూ తిరిగిన అనుభవంతో చెప్తున్నాను, తేదీ వేసి రాసిన ఒక ఫిర్యాదు చేసే పని పది మీటింగులు చేయవు.

ఏది లోపం కిందికి వస్తుంది

చాలామంది బిల్డర్లు "స్ట్రక్చర్‌కి మాత్రమే ఐదేళ్లు, మిగతావాటికి ఏడాదే" అని చెప్తారు. అగ్రిమెంట్‌లో కూడా అలాగే రాసుకుంటారు. చట్టంలో మాత్రం స్ట్రక్చర్‌తో పాటు పనితనం, నాణ్యత, సర్వీసులు, అగ్రిమెంట్‌లో ఒప్పుకున్న ఇతర బాధ్యతలు అన్నీ కలిపే ఉన్నాయి. అంటే కాలమ్ పగిలితేనే కాదు, బాత్‌రూమ్‌లో వాటం సరిగా లేక నీళ్లు నిలిచిపోయినా, టైల్స్ కింద బోలుగా ఉండి లేచిపోయినా, కిటికీ ఫ్రేమ్ పక్కనుంచి వాన నీరు లోపలికి వచ్చినా, ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) సరిగా పనిచేయకపోయినా, చెప్పిన బ్రాండ్ బదులు వేరే వైరింగ్ వేసినా ఫిర్యాదు చేయొచ్చు. రెరా చట్టానికి విరుద్ధంగా వేరే ఏ చట్టంలో ఏమున్నా రెరాదే పైచేయి అని సెక్షన్ 89 చెప్తోంది. అలాంటిది బిల్డర్ తన అగ్రిమెంట్‌లో ఒక లైన్ రాసుకుని ఐదేళ్లను ఏడాది చేసేస్తానంటే కుదరదు. ఇలాంటి ఏకపక్ష షరతులు కొనుగోలుదారుడిని కట్టిపడేయవని సుప్రీంకోర్టు 2019లో పయనీర్ అర్బన్ కేసులో స్పష్టంగా చెప్పింది.

ప్రతి పగులూ ఒకటి కాదు, అది కూడా తెలుసుకోవాలి. మొదటి ఏడాదిలో ప్లాస్టరింగ్ మీద వెంట్రుక మందం గీతలు రావడం మామూలే, సిమెంటు ఆరేటప్పుడు కుంచించుకుపోవడం వల్ల వస్తాయి. గోడకి, కాలమ్‌కి మధ్య నిలువునా వచ్చే గీత కాంక్రీటు ఒకలా, ఇటుక లేదా ఏఏసీ బ్లాకు (తేలికపాటి సిమెంటు దిమ్మె) ఇంకోలా వ్యాకోచించడం వల్ల వస్తుంది. అక్కడ ప్లాస్టరింగ్‌కి ముందు చికెన్ మెష్ (సన్న తీగల వల) కొట్టాలి, కొట్టలేదంటే అది పనితనంలో లోపం. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయే పగులు, బీమ్ మీద లేదా కాలమ్ మీద పగులు, స్లాబు అడుగున పెచ్చులు ఊడి తుప్పుపట్టిన చువ్వలు కనపడటం మాత్రం వేరే సంగతి. అవి చూశాక ఆలస్యం చేయకండి, స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలవండి. ఐఎస్ 456 (కాంక్రీటు కట్టడాలకి భారత ప్రమాణాల కోడ్) సాధారణ పరిస్థితుల్లో కాంక్రీటు పగులు వెడల్పు 0.3 మిల్లీమీటర్లు దాటకూడదంటుంది, తడి తగిలే చోట్ల ఇంకా తక్కువ. గోరు దూరేంత పగులు కాంక్రీటులో ఉందంటే ఆ హద్దు ఎప్పుడో దాటింది.

ఐదేళ్లు ఎప్పటి నుంచి లెక్క

స్వాధీనం తేదీ నుంచి. రిజిస్ట్రేషన్ తేదీ నుంచి కాదు. మన దగ్గర ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే హైదరాబాద్‌లోనూ ఆంధ్రాలోనూ ఫ్లాట్ సగం కట్టి ఉండగానే సెమీ ఫినిష్డ్ ఫ్లాట్ అని సేల్ డీడ్ చేసి, మిగిలిన పనికి విడిగా కన్‌స్ట్రక్షన్ అగ్రిమెంట్ రాసుకోవడం ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. తాళాలు చేతికొచ్చేది ఆ తర్వాత ఏడాదికో రెండేళ్లకో. బిల్డర్ ఆఫీసులో ఎవరైనా రిజిస్ట్రేషన్ తేదీ నుంచి లెక్కేసి "మీకు టైమ్ అయిపోయింది" అంటే నమ్మకండి. అలాగే ఆ రెండు డాక్యుమెంట్లూ భద్రంగా పెట్టుకోండి. సేల్ డీడ్‌లో సగం కట్టిన ఫ్లాట్ అని మాత్రమే ఉంటుంది, ఏ టైల్, ఏ పైపు, ఏ వాటర్‌ప్రూఫింగ్ అన్నది కన్‌స్ట్రక్షన్ అగ్రిమెంట్ వెనక స్పెసిఫికేషన్ల పేజీలో ఉంటుంది. ఆ పేజీ లేకపోతే మీ వాదన సగం పోయినట్టే.

స్వాధీనం లెటర్ అడిగి తీసుకోండి. "అన్ని విధాలా సంతృప్తి చెంది తీసుకున్నాను, ఎలాంటి లోపాలూ లేవు" అని ముందే టైపు చేసి సంతకం పెట్టమంటారు. సంతకం పక్కనే, రెండు కాపీల మీదా, "ఈ కింది పనులు పెండింగ్" అని చేత్తో రాసి అప్పుడు సంతకం పెట్టండి. రాయనివ్వకపోతే అదే రోజు సాయంత్రం ఈమెయిల్ పెట్టండి. పైకి కనిపించని లోపం మీద హక్కు ఆ ఒక్క వాక్యంతో పోదు గానీ, వాదనకి వాళ్లకి ఒక దొంగదారి దొరుకుతుంది, అది ఇవ్వడం ఎందుకు.

అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉండి ఇక్కడ ఫ్లాట్ కొన్నవాళ్లకి ఒక మాట. ఫ్లాట్ రెండేళ్లు తాళం వేసి ఉన్నా ఐదేళ్ల లెక్క ఆగదు. ప్రతి వానాకాలం తర్వాత ఇంట్లోవాళ్ల చేత తలుపు తీయించి గోడలన్నీ వీడియో తీయించండి. కేసు వేయాల్సి వస్తే ఇక్కడున్న వాళ్లకి పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలి. విదేశంలో రాసిన పవర్ మీద కాన్సులేట్‌లో అటెస్టేషనో అపోస్టిలో (ఆ దేశ ప్రభుత్వం వేసే ధ్రువీకరణ ముద్ర) చేయించి పంపండి. అది ఇండియాకి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి, లేకపోతే కన్జ్యూమర్ కమిషన్ (వినియోగదారుల కోర్టు) ముందు దాని మీదే అభ్యంతరం వస్తుంది.

రీసేల్‌లో కొన్నవాళ్లకీ హక్కు ఉంది. చట్టంలో అలాటీ అంటే మొదట కొన్నవాడే కాదు, అతని దగ్గర కొన్నవాడు కూడా. కాకపోతే ఐదేళ్లు మీరు కొన్న రోజు నుంచి కాదు, ఫ్లాట్ మొదట స్వాధీనం చేసిన రోజు నుంచి. అందుకే పాత ఓనర్ దగ్గర స్వాధీనం లెటర్, కన్‌స్ట్రక్షన్ అగ్రిమెంట్, బిల్డర్‌తో నడిచిన ఈమెయిల్స్ అన్నీ అడిగి తీసుకోండి. అద్దెకు ఉన్నవాళ్లు మాత్రం ఫిర్యాదు చేయలేరు, ఓనర్ చేతే చేయించాలి.

ఎవరి మీద ఫిర్యాదు

మనవైపు చాలా అపార్ట్‌మెంట్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చిన స్థలాల్లో కట్టినవే. స్థలం ఓనర్ వాటాకి కొన్ని ఫ్లాట్లు, బిల్డర్ వాటాకి కొన్ని. ఓనర్ వాటా ఫ్లాట్ కాస్త తక్కువకి వస్తుందని కొంటారు, తర్వాత లీకేజీ వస్తే బిల్డర్ "మీరు నా దగ్గర కొనలేదు కదా" అంటాడు, స్థలం ఓనర్ "కట్టింది నేను కాదు కదా" అంటాడు. దీనికి చట్టంలోనే జవాబు ఉంది. కట్టినవాడూ అమ్మినవాడూ వేర్వేరు మనుషులైతే ఇద్దరూ ప్రమోటర్లే (ప్రాజెక్టుకి చట్టపరంగా బాధ్యులు), ఇద్దరిదీ ఉమ్మడి బాధ్యత అని ప్రమోటర్ నిర్వచనంలోనే రాసి ఉంది. కాబట్టి నోటీసు ఇద్దరికీ పంపండి, ఫిర్యాదులో ఇద్దరినీ చేర్చండి. స్థలం ఓనర్లు కూడా అన్యాయమైపోతే బిల్డర్ మీద కన్జ్యూమర్ కమిషన్‌కి వెళ్లొచ్చని 2008లో ఫకీర్ చంద్ గులాటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

500 చదరపు మీటర్లు దాటని స్థలంలో, అంటే దాదాపు 600 గజాల లోపు, కట్టిన బిల్డింగులకూ, ఎనిమిది ఫ్లాట్లు దాటని వాటికీ రెరా రిజిస్ట్రేషన్ అవసరం లేదు. అలాంటి చిన్న అపార్ట్‌మెంట్‌లో కొన్నవాళ్లకి కన్జ్యూమర్ కమిషన్ దారే సాఫీ. సొంత స్థలంలో కాంట్రాక్టర్‌కి ఎస్‌ఎఫ్‌టీ లెక్కన ఇచ్చి ఇల్లు కట్టించుకున్నవాళ్లదీ అదే దారి. ఇళ్లు కట్టడం కూడా కన్జ్యూమర్ చట్టం కింద సేవే అని 1993లోనే లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో తేలిపోయింది, 2019 చట్టంలో ఆ మాట సేవల నిర్వచనంలోనే ఉంది. కాంట్రాక్టర్‌తో కట్టించేవాళ్లు మాత్రం రాతకోతలు ముందే చూసుకోవాలి. సిమెంటు, ఇనుము ఏ గ్రేడు, క్యూరింగ్ ఎన్ని రోజులు, లీకేజీకి ఎన్నేళ్ల బాధ్యత అన్నీ కాగితం మీద పెట్టి, చివరి బిల్లులో కొంత మొత్తం ఒక వానాకాలం దాటేదాకా మీ దగ్గరే ఉంచుకునేలా రాసుకోండి. మేస్త్రీతో లేబర్ కాంట్రాక్ట్ మాత్రమే అయితే మెటీరియల్ మీరు కొన్నారు కాబట్టి నాణ్యత బాధ్యత మీ మీదకే వస్తుంది, పనితనం మాత్రమే అతని మీద ఉంటుంది.

ఇంటీరియర్స్ మొదలుపెట్టకముందు చేయాల్సింది

ఈ ఒక్క విషయంలో నేను చాలా గట్టిగా చెప్తాను. తాళాలు రాగానే కార్పెంటర్లని దింపేస్తారు. ఏసీ పైపుకి కోర్ కటింగ్ చేసేవాడు ఒక్కోసారి బీమ్‌లోంచే రంధ్రం పెట్టేస్తాడు, మాడ్యులర్ కిచెన్ వాళ్లు గోడ తొలుస్తారు, బాత్‌రూమ్ టైల్స్ నచ్చలేదని కొత్తవి వేయిస్తారు, దాంతో కింద వాటర్‌ప్రూఫింగ్ పొర పోతుంది. ఆ తర్వాత ఏ లీకేజీ వచ్చినా బిల్డర్ మొదటి మాట "మీ ఇంటీరియర్ వాళ్లు చేసిందే" అని. కొన్నిసార్లు అది నిజం కూడా. నిజం కాని చోట మిమ్మల్ని కాపాడేది ముందు తీసిన రికార్డే.

కాబట్టి ఖాళీ ఫ్లాట్‌లో ఒక రోజు పూర్తిగా కేటాయించండి. ప్రతి బాత్‌రూమ్‌లోనూ, బాల్కనీలోనూ నీళ్లు పోయే దారి మూసి, నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లు నింపి, గోడ మీద చాక్‌తో గీత పెట్టి 24 గంటలు వదిలేయండి, తర్వాత కింది ఫ్లాట్ వాళ్ల సీలింగ్ చూడండి. దీన్నే పాండింగ్ టెస్ట్ అంటారు, సైట్ ఇంజినీర్‌కి బాగా తెలిసిన పనే. నాణెంతో టైల్స్ అన్నింటినీ తట్టండి, బోలుగా మోగినవాటి మీద మార్కర్‌తో గుర్తు పెట్టి ఫొటో తీయండి. బకెట్ నీళ్లు పోసి వాటం చూడండి. కుళాయిలన్నీ ఒకేసారి తిప్పి ప్రెషర్ చూడండి. ప్రతి స్విచ్ పాయింట్‌లో ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చెక్ చేయించండి. మొత్తం వీడియో తీసి, లోపాల జాబితాతో కలిపి కార్పెంటర్ అడుగుపెట్టకముందే బిల్డర్‌కి ఈమెయిల్ చేయండి.

సాక్ష్యం ఎలా కూడబెట్టాలి

పగులు కనపడితే దాని రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో చిన్న గీత గీసి పక్కన తేదీ రాయండి. నెల తర్వాత పగులు ఆ గీత దాటి పోయిందంటే అది ఇంకా కదులుతోందని అర్థం. ఇంజినీర్లు పగులు మీద అడ్డంగా చిన్న గాజు ముక్క అతికించి చూస్తారు, గోడ కదిలితే గాజు పగులుతుంది. ఫొటో తీసేటప్పుడు పక్కన స్కేలు పెట్టండి. ఫొటోలు తీసిన అసలు ఫోన్ పారేయకండి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్ కింద సర్టిఫికెట్ ఇవ్వాల్సి ఉంటుంది, అసలు పరికరం ఉంటే అది తేలిక.

మరో విషయం, బిల్డర్ మనుషులు వచ్చి "పుట్టీ పెట్టి రంగు వేసేస్తాం సార్" అంటే వెంటనే ఒప్పుకోకండి. రంగు వేయడమంటే సాక్ష్యాన్ని కప్పేయడమే. ముందు కారణం ఏంటో రాసి ఇవ్వమనండి, ఏం పని చేస్తారో ఈమెయిల్‌లో పంపమనండి, చేసేటప్పుడు వీడియో తీయండి. లోపల చెమ్మకి కారణం తరచూ బయట గోడ మీదో పై ఫ్లాట్ బాత్‌రూమ్‌లోనో ఉంటుంది, లోపల ఎన్ని కోటింగులు వేసినా వచ్చే వానాకాలానికి మళ్లీ అదే మరక వస్తుంది.

లోపం పెద్దదైతే బయటి ఇంజినీర్ రిపోర్టు తప్పదు. జేఎన్‌టీయూ, ఉస్మానియా, వరంగల్ ఎన్‌ఐటీ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ లాంటి చోట్ల సివిల్ విభాగాలకి బయట వాళ్ల పని చేసిపెట్టే పద్ధతి ఉంది, అలాంటి సంస్థ ఇచ్చిన రిపోర్టుకి విలువ ఎక్కువ. రీబౌండ్ హామర్ టెస్ట్ చవక, కానీ అది పైపొర గట్టితనమే చెప్తుంది, దాని ఒక్కదాని మీద కేసు నిలబడదు. అల్ట్రాసోనిక్ పరీక్ష లోపల బోలు ఉందేమో చెప్తుంది. అసలు బలం తేల్చేది కోర్ టెస్ట్, కాంక్రీటులోంచి స్తంభాకారపు ముక్క తీసి నలగ్గొట్టి చూస్తారు. ఐఎస్ 456 ప్రకారం కనీసం మూడు కోర్లు తీయాలి, వాటి సగటు బలం ఆ గ్రేడుకి ఉండాల్సిన దాంట్లో 85 శాతం ఉండాలి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు. కోర్ ఎక్కడ తీయాలో స్ట్రక్చరల్ ఇంజినీరే చెప్పాలి, చువ్వ తెగితే కొత్త సమస్య. పరీక్ష రోజు బిల్డర్‌ని కూడా రమ్మని ఈమెయిల్ పెట్టండి, రాకపోయినా పిలిచిన రుజువు ఉంటుంది.

ఇదంతా అతి జాగ్రత్త అనిపిస్తే గురుగ్రామ్‌లో చింటెల్స్ పారడైసో సంగతి గుర్తుచేసుకోండి. 2022 ఫిబ్రవరి 10న ఒక టవర్‌లో ఆరో అంతస్తు నుంచి కింది దాకా గదులు ఒకదాని మీద ఒకటి కూలి ఇద్దరు చనిపోయారు. తర్వాత ఐఐటీ ఢిల్లీ పరీక్షిస్తే కాంక్రీటులో క్లోరైడ్లు ఉండి చువ్వలు తుప్పుపట్టాయని, ఆ టవర్ నివాసానికి పనికిరాదని తేలింది. తుప్పు లోపలే మొదలవుతుంది, బయటికి కనపడేసరికి చాలా దూరం పోయి ఉంటుంది. స్లాబు పెచ్చులు ఊడి చువ్వలు కనిపిస్తుంటే, తలుపులు ఉన్నట్టుండి పట్టేస్తుంటే, కాలమ్ మీద పగులు పెరుగుతుంటే ముందు ఆ గదులు ఖాళీ చేయండి, మున్సిపల్ టౌన్ ప్లానింగ్ వాళ్లకి రాతపూర్వకంగా చెప్పండి. కేసు సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

నోటీసు ఎలా రాయాలి

లాయర్ అక్కర్లేదు. మీరే రాయొచ్చు, తెలుగులోనైనా ఇంగ్లిష్‌లోనైనా. దాదాపు ఇలా:

"మీ ఫలానా ప్రాజెక్టులో ఫలానా బ్లాక్, ఫలానా నంబరు ఫ్లాట్ నాది. ఫలానా తేదీన స్వాధీనం తీసుకున్నాను. మాస్టర్ బెడ్‌రూమ్ పడమటి గోడ మీద సుమారు నాలుగు అడుగుల మేర చెమ్మ, హాలు బీమ్ కింద రెండు అడుగుల పగులు ఫలానా తేదీన గమనించాను. ఫొటోలు జతచేశాను. రెరా చట్టం సెక్షన్ 14(3) కింద దీన్ని నోటీసుగా తీసుకుని, 30 రోజుల్లో అసలు కారణం కనిపెట్టి ఉచితంగా బాగు చేయవలసిందిగా కోరుతున్నాను. పుట్టీ, రంగుతో సరిపెట్టడాన్ని మరమ్మతుగా నేను ఒప్పుకోను. తనిఖీకి శని, ఆదివారాల్లో ఇంట్లో ఉంటాను. గడువులోగా పని జరగకపోతే నష్టపరిహారం కోసం రెరాను గానీ కన్జ్యూమర్ కమిషన్‌ను గానీ ఆశ్రయిస్తాను."

కోపం చూపించకండి, తిట్లు రాయకండి, "బిల్డింగ్ మొత్తం చెత్త" లాంటి మాటలు అసలొద్దు. ఏ గదిలో, ఏ గోడ, ఎంత పొడవు, ఎప్పటి నుంచి, అంతే. అగ్రిమెంట్‌లో ఇచ్చిన అడ్రస్‌కి, రెరా వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు పేజీలో ఉన్న అడ్రస్‌కి రెండింటికీ స్పీడ్ పోస్టు పంపి, డెలివరీ రుజువు దాచుకోండి. ఈమెయిల్ కూడా పంపండి. మరీ ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది, ఐదేళ్లలోపు జరగాల్సింది లోపాన్ని వాళ్ల దృష్టికి తీసుకెళ్లడం. ఫిర్యాదు వేయడం కొంచెం తర్వాతైనా నోటీసు మాత్రం ఆ గడువులోపే వెళ్లి ఉండాలి.

సెల్లార్, టెర్రస్, లిఫ్ట్, ట్యాంకు, ఎస్‌టీపీ లాంటి ఉమ్మడి వాటికి అసోసియేషన్ తరఫున తీర్మానం చేసి లెటర్ పంపండి. "మెయింటెనెన్స్ మీకు అప్పగించాం కదా, ఇక అసోసియేషన్ బాధ్యత" అని చెప్పడం బిల్డర్లకి అలవాటు. రోజువారీ నిర్వహణ వేరు, కట్టడంలో లోపం వేరు. సెల్లార్ ఎక్స్‌పాన్షన్ జాయింట్ (కట్టడం వ్యాకోచించడానికి వదిలే సందు) లోంచి నీళ్లు కారుతుంటే అసోసియేషన్ ఎంత ఊడ్చినా ఆగదు. మా దగ్గర జరిగింది అదే, ఫోన్లు చేసినన్నాళ్లు ఎవరూ పట్టించుకోలేదు, తీర్మానం కాపీ, ఇంజినీర్ రిపోర్టు జతచేసి పంపాక జాయింట్ విప్పి మళ్లీ ట్రీట్‌మెంట్ చేశారు.

30 రోజులు దాటాక

రెరాలో రెండు దారులున్నాయి, ఇక్కడే చాలామంది పొరబడతారు. బిల్డర్ చేత పని చేయించమని ఆదేశం కావాలంటే రెరా అథారిటీ ముందు ఫారం ఎం వేయాలి. డబ్బు రూపంలో నష్టపరిహారం కావాలంటే అడ్జుడికేటింగ్ ఆఫీసర్ ముందు ఫారం ఎన్. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇవే ఫారాలు, ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. నష్టపరిహారం తేల్చే అధికారం అడ్జుడికేటింగ్ ఆఫీసర్‌కే ఉందని 2021లో న్యూటెక్ ప్రమోటర్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, తప్పు చోట వేస్తే నెలలు వృథా అవుతాయి. చట్టం ప్రకారం నష్టపరిహారం కేసు 60 రోజుల్లో తేల్చాలి, ఆచరణలో అంతకన్నా ఎక్కువే పడుతుంది, దానికి సిద్ధపడే దిగండి.

కన్జ్యూమర్ కమిషన్ రెండో దారి. రెరా ఉన్నంత మాత్రాన ఈ దారి మూసుకుపోదని 2020లో ఇంపీరియా స్ట్రక్చర్స్ కేసులో తేలింది. కానీ ఒకే కోరికతో రెండు చోట్లా నడపకండి. ఇక్కడ గడువు సమస్య వచ్చిన నాటి నుంచి రెండేళ్లు. మీరు ఫ్లాట్‌కి చెల్లించిన ధర 50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషన్, 50 లక్షలు దాటి 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్, ఆపైన ఢిల్లీలో జాతీయ కమిషన్. మీరు ఉండే ఊళ్లోనే వేయొచ్చు, అది పెద్ద సౌకర్యం. నెల్లూరులో ఉంటూ హైదరాబాద్‌లో ఫ్లాట్ కొన్నవాళ్లు నెల్లూరులోనే వేసుకోవచ్చు. నా అభిప్రాయం ఏంటంటే, రిజిస్టర్ అయిన ప్రాజెక్టు, ఐదేళ్లలోపు లోపం అయితే రెరా మంచిది, సెక్షన్ 14(3) సూటిగా ఉంది కాబట్టి. చిన్న బిల్డింగు, సొంతిల్లు, కాంట్రాక్టర్ అయితే కన్జ్యూమర్ కమిషన్. సివిల్ కోర్టుకి మాత్రం ఈ విషయాల్లో వెళ్లొద్దు, రెరా తేల్చాల్సిన వాటి మీద సివిల్ కోర్టుకి అధికారం లేదని సెక్షన్ 79లోనే ఉంది.

ఎంత అడగాలి అనేది గాల్లోంచి రాకూడదు. బాగు చేయించడానికి ఇద్దరు కాంట్రాక్టర్ల దగ్గర ఎస్టిమేట్, పాడైన వార్డ్‌రోబ్‌కి బిల్లు, ఖాళీ చేయాల్సి వస్తే అద్దె రసీదులు, ఇంజినీర్ ఫీజు, అన్నీ కాగితంతో చూపించండి. మానసిక క్షోభకి కూడా అడగొచ్చు, అది ఎంత ఇస్తారో మాత్రం చెప్పలేం. వాన ఆగేదాకా ఆగలేక మీరే బాగు చేయించుకోవాల్సి వస్తే, ముందు బిల్డర్‌కి ఎస్టిమేట్‌తో ఈమెయిల్ పెట్టి ఒక గడువు ఇచ్చి, ఆ తర్వాత జీఎస్టీ బిల్లుతో చేయించండి, పనికి ముందూ తర్వాతా వీడియో తీయండి.

రెరా ఆర్డర్ వచ్చాక డబ్బు దానంతట అదే రాదు. బిల్డర్ అప్పీలుకి వెళ్లాలంటే పెనాల్టీ అయితే కనీసం 30 శాతం, మీకు ఇవ్వాల్సిన డబ్బు అయితే వడ్డీ, పరిహారంతో సహా మొత్తం ముందు డిపాజిట్ చేయాలి, సెక్షన్ 43(5) ఇది, మీకు బలమైన ఆయుధం. అప్పీలు గడువు 60 రోజులు. అప్పటికీ కట్టకపోతే సెక్షన్ 40 కింద రికవరీ సర్టిఫికెట్ అడగండి, భూమి శిస్తు బకాయిలా కలెక్టర్ ద్వారా వసూలు చేస్తారు. పని చేయమన్న ఆదేశం పాటించకపోతే ప్రాజెక్టు అంచనా వ్యయంలో 5 శాతం వరకు జరిమానా పడొచ్చు. బిల్డర్ కంపెనీ పేరు మీద ఇంకా అమ్ముడుపోని ఫ్లాట్లు ఏవైనా ఉన్నాయేమో రెరా పేజీలో చూసి రికవరీ దరఖాస్తులో రాస్తే పని త్వరగా కదులుతుంది.

మీ అపార్ట్‌మెంట్ స్వాధీనం ఇచ్చి నాలుగేళ్లు దాటి ఉంటే ఈ నెలలోనే జనరల్ బాడీ పెట్టండి. ప్రతి ఫ్లాట్ వాళ్ల దగ్గరా లోపాల జాబితా తీసుకుని, టెర్రస్, సెల్లార్, డక్ట్‌లు, బయటి గోడలు ఇంజినీర్ చేత ఒకసారి చూపించి, అన్నీ కలిపి ఒకే నోటీసుగా పంపేయండి. మొదట స్వాధీనం ఇచ్చిన బ్లాక్ తేదీని లెక్కలోకి తీసుకోండి, ఎందుకంటే బ్లాకులు వేర్వేరు సమయాల్లో ఇస్తారు, ఐదేళ్లు కూడా ఒక్కో ఫ్లాట్‌కి ఒక్కోలా పూర్తవుతాయి.